వేడిని లొంగదీసిన రేసర్ మార్క్ డోనహ్యూ

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఝపటాపూర్ వంటి వాడల్లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. రైల్వే పనిని ఆధారంగా చేసుకున్న ఆ ఇళ్లలో టర్బోచార్జర్ అన్న మాట కొత్తది కాదు. ఖరగ్‌పూర్ డీజిల్ షెడ్డులో ఏళ్ల తరబడి సాకిన డబ్ల్యుడిఎం-2 ఇంజన్ పదహారు సిలిండర్లతో, టర్బోచార్జర్ సాయంతో 2,600 అశ్వశక్తిని ఇచ్చేది. దాని బరువు సుమారు 113 టన్నులు. దాని వేడిని నీరు మోసుకుపోయి రేడియేటర్లలో వదిలేది. ఇప్పుడు ఒక టన్నుకు లోపు బరువున్న కారును ఊహించండి. దానికి పన్నెండు సిలిండర్లు, రెండు టర్బోచార్జర్లు, దాదాపు 1,100 అశ్వశక్తి. చల్లబరచడానికి చుక్క నీరు లేదు, ఉన్నదల్లా గాలి, నూనె. 1973లో అమెరికా రేసు బాటలపై ఈ కారును నడిపినవాడు మార్క్ డోనహ్యూ. నడపడమే కాదు, నడపదగిన యంత్రంగా దానిని తీర్చిదిద్దడంలోనూ ఆయన పాత్ర పెద్దది.

డోనహ్యూ 1937 మార్చి 18న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో జన్మించారు. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి 1959లో పట్టా పొందారు. చదువు ముగియకముందే తన సొంత కార్వెట్ కారుతో కొండ ఎక్కే పోటీలో పాల్గొని, తొలి ప్రయత్నంలోనే గెలిచారు. అనుభవజ్ఞుడైన రేసర్ వాల్ట్ హాన్స్‌జెన్ ఈ యువకుడిని చేరదీసి పెద్ద పోటీల తలుపులు తెరిచారు. 1966 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని లె మాన్ వద్ద పరీక్షా పరుగులో గాయపడి హాన్స్‌జెన్ కన్నుమూశారు. ఆయన అంత్యక్రియల సమయంలోనే జట్టు యజమాని రోజర్ పెన్స్‌కే డోనహ్యూను తన వద్దకు ఆహ్వానించారు. గురువు పోయిన చోటే శిష్యుడి అసలు ప్రయాణం మొదలైంది.

పెన్స్‌కే జట్టు తరఫున తొలి పోటీలో డోనహ్యూ కారును ధ్వంసం చేసుకున్నారు. అయినా యజమాని ఆయనను వదులుకోలేదు. ఆ తరువాత విజయాలు వరుస కట్టాయి. 1969లో డేటోనా 24 గంటల పోటీని సహచరుడు చక్ పార్సన్స్‌తో కలిసి గెలిచారు. 1972లో ఇండియానాపొలిస్ 500 మైళ్ల పోటీని గంటకు సగటున 162.962 మైళ్ల, అంటే సుమారు 262 కిలోమీటర్ల వేగంతో నెగ్గారు. ఈ జాబితాను ఇంకా పొడిగించవచ్చు. కానీ డోనహ్యూను మిగతా విజేతల నుంచి వేరు చేసేది ఆయన కప్పులు కావు. కారు ఎందుకు అలా ప్రవర్తిస్తోందో కొలిచి, రాసుకుని, మార్చి, మళ్లీ కొలిచే అలవాటే ఆయన ప్రత్యేకత. ఆ అలవాటుకు అసలు పరీక్ష జర్మనీలో ఎదురైంది.

పోర్షా సంస్థ 1969లో 917 అనే రేసు కారును రూపొందించింది. హాన్స్ మెట్స్‌గర్ నేతృత్వంలో తయారైన దాని ఇంజన్‌లో పన్నెండు సిలిండర్లు ఇరువైపులా పడుకున్నట్టు అమరి ఉంటాయి. సిలిండర్ల చుట్టూ పల్చని లోహపు రెక్కలు. ఇంజన్ నెత్తిన అడ్డంగా అమర్చిన పెద్ద ఫ్యాన్, ఇంజన్ శక్తితోనే తిరుగుతూ, ఆ రెక్కల సందుల్లోకి గాలిని తోస్తుంది. లోపలి నూనె కూడా చాలా వేడిని మోసుకుపోయి వేరే కూలర్లలో వదులుతుంది. నీరు లేదు కనుక గొట్టాల బరువు లేదు, కారిపోతుందన్న భయమూ లేదు. లె మాన్ పోటీని 1970లోనూ 1971లోనూ ఈ కారే గెలిచింది.

అమెరికాలోని కాన్-యామ్ పోటీల్లో ఇంజన్ పరిమాణానికి హద్దు లేదు. అక్కడి భారీ ఇంజన్లను ఎదుర్కోవడానికి పోర్షా మొదట పదహారు సిలిండర్ల ఇంజన్‌ను ప్రయత్నించి, చివరకు పన్నెండు సిలిండర్లకే టర్బో తగిలించే దారిని ఎంచుకుంది. సిలిండర్ నుంచి బయటకు పోయే పొగ ఒక చిన్న టర్బైన్‌ను తిప్పుతుంది. అదే ఇరుసుపై ఉన్న కంప్రెసర్ బయటి గాలిని ఒత్తి సిలిండర్లలోకి నెడుతుంది. ఎక్కువ గాలి, దానికి తగ్గట్టు ఎక్కువ ఇంధనం, అందువల్ల ఎక్కువ శక్తి. చిక్కు కూడా అక్కడే ఉంది. సైకిల్ పంపు కొట్టినవారికి దాని అడుగు భాగం ఎలా వేడెక్కుతుందో తెలుసు. ఒత్తిన గాలి వేడెక్కుతుంది. వేడి గాలితో పనిచేసే ఇంజన్‌లో ఇంధనం అదను తప్పి పేలుతుంది. పిస్టన్ తల కరిగిపోవచ్చు. ఇంధనాన్ని అవసరానికి మించి పోసి, అది ఆవిరయ్యే క్రమంలో లోపలి వేడిని కొంత లాగేసుకునేలా చేయడం ఆనాటి ఉపాయాలలో ఒకటి. శక్తిని పెంచడం కంటే వేడిని సాగనంపడమే కష్టం.

వేడితో పాటు మరో ఇబ్బంది డ్రైవర్ కాలి కింద ఉంది. తొలి టర్బో ఇంజన్ పరీక్ష బల్లపై గొప్ప అంకెలు చూపింది, బాటపై మాత్రం మొండికేసింది. పెడల్ నొక్కితే కాసేపు ఏమీ జరగదు. తరువాత శక్తి అంతా ఒక్కసారి వెనుక చక్రాలపై విరుచుకుపడుతుంది. మలుపు మధ్యలో అలా జరిగితే కారు తిరగబడుతుంది. డోనహ్యూ జర్మనీ వెళ్లి ఇంజనీర్ల పక్కన కూర్చున్నారు. పూర్తి వేగంలో ఎంత శక్తి వస్తోందన్న దానిపైనే అందరి దృష్టీ ఉందని ఆయన గమనించారు. డ్రైవర్ సగం, పావు నొక్కినప్పుడు ఇంజన్‌కు ఎంత ఇంధనం అందుతోందో కొలవాలని పట్టుబట్టారు. టర్బో బాధ్యత చూసిన వాలెంటిన్ షేఫర్ బృందంతో కలిసి ఇంధన పంపు అమరికను మెట్టుమెట్టుగా సరిదిద్దారు. మొండి ఇంజన్ కాలి మాట వినడం నేర్చింది. డోనహ్యూ జీవితంలో ఇండియానాపొలిస్ కప్పు కంటే, ప్రేక్షకులెవరూ లేని ఆ పరీక్ష గదిలో గడిపిన రోజులే ఎక్కువ విలువైనవని నాకనిపిస్తుంది.

ఫలితం మాత్రం వెంటనే ఆయన చేతికి అందలేదు. 1972 జూలైలో రోడ్ అట్లాంటా వద్ద సాధన చేస్తుండగా కారు వెనుక కవచం ఊడిపోయి ఘోర ప్రమాదం జరిగింది. మోకాలు దెబ్బతిన్న డోనహ్యూ ఆస్పత్రి పాలయ్యారు. ఆయన సిద్ధం చేసిన 917/10 కారును జార్జ్ ఫాల్మర్ నడిపి ఆ ఏటి ఛాంపియన్ అయ్యారు. మరుసటి ఏడు 5.4 లీటర్ల ఇంజన్‌తో 917/30 వచ్చింది. టర్బో ఒత్తిడిని డ్రైవర్ తన సీటు నుంచే పెంచుకునే, తగ్గించుకునే ఏర్పాటు అందులో ఉంది. 1973లో ఎనిమిది పోటీల్లో చివరి ఆరింటినీ డోనహ్యూ వరుసగా గెలిచి ఛాంపియన్‌గా నిలిచారు. 1974 నుంచి నిర్వాహకులు ఇంధన వినియోగంపై పరిమితి విధించడంతో ఆ కారు శకం ముగిసింది. డోనహ్యూ కూడా రేసుల నుంచి విరమించుకున్నారు.

విరమణ ఏడాది కూడా నిలవలేదు. పెన్స్‌కే ఫార్ములా వన్ జట్టు కోసం 1974 చివర్లో మళ్లీ స్టీరింగ్ పట్టారు. ముందుమాదిరి విజయాలు రాలేదు. 1975 ఆగస్టు 9న మాత్రం పాత నేస్తం 917/30తో అలబామాలోని టాలడేగా బాటపైకి దిగారు. అండాకారపు ఆ బాటలో పెడల్ మీద నుంచి కాలు తీసే అవసరమే రాదు, ఇంజన్‌కు ఊపిరి పీల్చుకునే క్షణమూ ఉండదు. అందుకే టర్బో నుంచి వచ్చే వేడి గాలిని సిలిండర్లలోకి పోయేలోపే చల్లబరిచే ఇంటర్‌కూలర్లను అమర్చారు. ఆ రోజు గంటకు 221.120 మైళ్లు, అంటే సుమారు 356 కిలోమీటర్ల వేగం నమోదై, మూసిన వలయంలో ప్రపంచ రికార్డు అయింది.

సరిగ్గా ఎనిమిది రోజుల తరువాత, ఆగస్టు 17 ఉదయం, ఆస్ట్రియా గ్రాండ్ ప్రి ముందు సన్నాహక పరుగులో ఆయన కారు టైరు విఫలమైంది. కారు కంచెను ఢీకొంది. శకలాలు తగిలి బాట సిబ్బందిలో ఒకరు మరణించారు. డోనహ్యూ మొదట స్పృహలోనే ఉన్నారు, మాట్లాడారు. తలనొప్పి ముదరడంతో గ్రాజ్ నగరంలోని ఆస్పత్రికి తరలించారు. మెదడులో రక్తస్రావం కారణంగా ఆగస్టు 19న తుదిశ్వాస విడిచారు. అప్పటికి వయసు 38. తన పని తీరును వివరిస్తూ ఆయన రాసిన పుస్తకం 'ది అన్‌ఫేర్ అడ్వాంటేజ్' ఆ ఏడాదే వెలువడింది.

గాలితోనే ఎంతవరకు చల్లబరచగలమన్న ప్రశ్నకు పోర్షా సంస్థ కొద్దికాలంలోనే తన జవాబును మార్చుకుంది. 1978 నాటి 935 రేసు కారులో సిలిండర్ తలలకు నీటి శీతలీకరణను ప్రవేశపెట్టింది. డోనహ్యూ కుమారుడు డేవిడ్ కూడా రేసర్ అయ్యారు. తండ్రి గెలిచిన డేటోనా 24 గంటల పోటీని సరిగ్గా నలభై ఏళ్ల తరువాత, 2009లో, పోర్షా ఇంజన్ ఉన్న కారుతో తన జట్టుకు గెలిచిపెట్టారు. 24 గంటలు సాగిన ఆ పోటీలో గెలుపు తేడా ఒక సెకనులో ఐదో వంతు కూడా లేదు.