బోదకాలుకు మందిచ్చిన భీమవరం బిడ్డ యల్లాప్రగడ

తణుకు: గోదావరి డెల్టాలో బోదకాలు పేరు వినని ఊరు లేదు. నిడదవోలు నుంచి తణుకు, అత్తిలి మీదుగా భీమవరం వెళ్లే రైలు మార్గానికి ఇరువైపులా వరిచేలు, పంట కాల్వలు, వాటి వెంటే మురుగు కాల్వలు. ఆ మురుగు నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమే ఈ వ్యాధిని ఒకరి నుంచి మరొకరికి చేరవేస్తుంది. ఏనుగు పాదంలా వాచిన కాలితో వీధి అరుగు మీద కూర్చున్న వృద్ధులను పాతతరం వారందరూ చూసే ఉంటారు. ఈ వ్యాధి నిర్మూలనకు 2004 నుంచి వ్యాధి ఉన్న జిల్లాల్లో ఏటా ఇంటింటికీ పంచుతూ వచ్చిన డీఈసీ మాత్ర పుట్టింది అమెరికాలోనే. అయితే దానిని వెలికితీసిన పరిశోధన బృందానికి సారథి భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. మాత్ర అందుకున్న వారిలో ఈ సంగతి ఎందరికి తెలుసునో చెప్పడం కష్టం.

సుబ్బారావు 1895 జనవరి 12న జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యంతో ఆయన ముందుగానే ఉద్యోగం విడిచిపెట్టడంతో కుటుంబం ఇబ్బందుల్లో పడింది. రాజమహేంద్రవరంలో చదువుతున్న రోజుల్లో సుబ్బారావు కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఇల్లు విడిచి బయలుదేరగా, వెనక్కు తీసుకొచ్చి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గానీ దక్కలేదు. అదీ మద్రాసు హిందూ హైస్కూలు నుంచి. మెట్రిక్ తప్పిన పిల్లవాడిని పనికిరానివాడిగా లెక్కగట్టే ఇళ్లు మన ప్రాంతంలో నేటికీ తక్కువేమీ కాదు.

మద్రాసు వైద్య కళాశాలలో చదువుకు మిత్రులు, అనంతరం మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆర్థికంగా తోడ్పడ్డారు. గాంధీజీ పిలుపు మేరకు ఆయన శస్త్రచికిత్స గదిలోనూ ఖద్దరు దుస్తులే ధరించారు. ఇది శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు ఆగ్రహం తెప్పించింది. ఫలితంగా పూర్తి ఎంబీబీఎస్ పట్టాకు బదులు దానికన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్ ధ్రువపత్రమే ఆయనకు లభించింది. మద్రాసు వైద్య సర్వీసులో చేరేందుకు చేసిన ప్రయత్నమూ నెరవేరలేదు.

అప్పుడు ఆయనకు చోటిచ్చింది ఆయుర్వేదం. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపిన మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్ర అధ్యాపకుడిగా చేరారు. అల్లోపతి చదివిన వైద్యుడు ఆయుర్వేద విద్యార్థులకు పాఠం చెప్పడం ఆ రోజుల్లో పలువురికి వింతగానే తోచి ఉంటుంది. ఆయన మాత్రం ఆ ఔషధాల గుణాలకు ఆకర్షితులై, వాటిని ఆధునిక పద్ధతిలో పరీక్షించేందుకు పూనుకున్నారు. సంప్రదాయ వైద్యాన్ని గుడ్డిగా నమ్మలేదు, గుడ్డిగా తోసిపుచ్చనూ లేదు. ఏ మందైనా పరీక్షకు నిలవాలన్న పట్టుదల అక్కడే బలపడింది.

ఆ పట్టుదల వెనుక ఇంటి దుఃఖం కూడా ఉంది. ఉష్ణమండల దేశాల్లో కనిపించే స్ప్రూ అనే గ్రహణి రోగంతో ఆయన సోదరులు ఇద్దరు రోజుల తేడాలోనే మరణించారు. తిన్నది ఒంటపట్టక, రక్తం క్షీణించి మనిషిని నిలువునా కుంగదీసే వ్యాధి అది. అప్పటికి దానికి తగిన మందు లేదు.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన హామీతో, మామగారు సమకూర్చిన సొమ్ముతో 1922 అక్టోబరు 26న ఆయన బోస్టన్ చేరుకున్నారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. తర్వాత పుట్టిన కుమారుడు పసితనంలోనే మరణించాడు. ఆ బిడ్డను తండ్రి చూడనే లేదు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధులను అధ్యయనం చేస్తూ, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రి వేళ సేవకుడిగా పనిచేశారు. సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం కొలిచే పద్ధతిని రూపొందించి 1925లో ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా అది పాఠ్య పుస్తకాల్లోకి ఎక్కింది. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏటీపీని 1929లో గుర్తించారు. జర్మనీలో కార్ల్ లోమన్ సైతం అదే ఏడాది ఏటీపీని విడిగా కనుగొన్నారు. ఇంతటి కృషి చేసినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన పదవి ఇవ్వలేదు.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరాక ఆయన జీవితం మలుపు తిరిగింది. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు చివరకు అదే మందైంది. నేడు గర్భిణులకు ఆరోగ్య కేంద్రాల్లో ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండే రెండో పదార్థం ఇదే. ఫోలిక్ ఆమ్లానికి ప్రతికూలంగా పనిచేసే అమినోప్టెరిన్‌తో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు తాత్కాలిక ఉపశమనం కల్పించారు. నేటికీ వాడుకలో ఉన్న మెథోట్రెక్సేట్ ఆ కోవలోదే. బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో అదే ప్రయోగశాల నుంచి వెలువడింది.

డెల్టా వాసులకు మరింత దగ్గరి సంగతి 1947 నాటిది. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకింది. దీంతో ఆ దేశంలో మందు కోసం అన్వేషణ మొదలైంది. గోదావరి తీరంలో తరతరాలుగా ఉన్న రోగం సైనికులకు సోకాక గానీ ప్రయోగశాలల దృష్టికి రాలేదన్నమాట. సుబ్బారావు సారథ్యంలోని శాస్త్రవేత్తలు ఎన్నో రసాయనాలను ఎలుకలపైనా కుక్కలపైనా పరీక్షించి డైఇథైల్ కార్బమజైన్‌ను ఎంపిక చేశారు. హెట్రజాన్ పేరిట అది విడుదలైంది. డీఈసీ అన్నది దాని పొట్టి పేరు.

1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగి ఆయన కన్నుమూశారు. వయసు 53 ఏళ్లు. స్వదేశానికి మళ్లీ రాలేదు. శతజయంతి ఏడాది 1995లో తపాలా శాఖ ఆయన చిత్రంతో బిళ్ల విడుదల చేసింది. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో ఆయన పుట్టిన ఊరే తణుకు ఉన్న పశ్చిమగోదావరికి కేంద్రమైంది.

దేశంలో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో ప్రారంభమైంది. రాజమహేంద్రవరంలో ఈ వ్యాధిపై శిక్షణ కేంద్రం కూడా ఏర్పాటైంది. వ్యాధి క్రిమి పిల్లలు రాత్రి వేళే రక్తంలో సంచరిస్తాయి. అందుకే సిబ్బంది చీకటి పడ్డాక ఇళ్లకు వెళ్లి రక్త నమూనాలు సేకరిస్తారు. మాత్ర ప్రధానంగా ఆ పిల్ల క్రిములను చంపుతుంది. అప్పటికే వాచిపోయిన కాలిని మామూలు స్థితికి తేలేదు. కాబట్టి వాపు రాకముందే, ఒంట్లో బాగున్నప్పుడే మింగవలసి ఉంటుంది. జబ్బే లేనప్పుడు మందెందుకన్న ప్రశ్న వచ్చేది ఇక్కడే. క్రిములు ఉన్నవారికి అవి చనిపోయే క్రమంలో జ్వరం, తలనొప్పి రావచ్చు. దానిని చూసి మాత్ర మంచిది కాదన్న భయం వాడవాడలా పాకుతుంది. చేతికిచ్చిన మాత్రలు గూటిలో పడి ఉండిపోతాయి. గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారికి మాత్ర ఇవ్వరు. మిగిలినవారు భోజనం చేశాక, పంచే సిబ్బంది ఎదుటే మింగాలన్న నిబంధన పెట్టింది అందుకే.