విద్యాసాగరుని రాజీనామా

ఉద్యోగసంపాదనమే విద్యాఫలమని తలచు కాలమున ఉద్యోగమును వదలుకొనినవాని కథ కొంత వింతగా తోచవచ్చును. వీరేశలింగము పంతులుగారిని దక్షిణదేశ విద్యాసాగరుడని కీర్తించుట ఆంధ్రులకు పరిపాటి. కాని ఆ వంగదేశపు విద్యాసాగరుడు, విధవావివాహోద్యమమునకు పూర్వమే, ఒక కళాశాలలో చిన్న ఉద్యోగియై, శ్రద్ధలేని పైయధికారితో పడిన చిక్కు మనలో పెక్కుమంది యెఱుగరు.

ఈశ్వరచంద్రుడు 1820 సెప్టెంబరు 26వ తేదీన మేదినీపుర ప్రాంతమందలి వీరసింహ గ్రామమున బీద బ్రాహ్మణకుటుంబమున జన్మించెను. 1829లో కలకత్తా సంస్కృత కళాశాలలో చేరి, పండ్రెండేండ్లు చదివి విద్యాసాగర బిరుదమునందెను. 1841లో ఫోర్టువిలియం కళాశాలలో 50 రూపాయల జీతమున ప్రధానపండితుడయ్యెను. 1846లో తాను చదివిన కళాశాలకే సహాయకార్యదర్శిగా వచ్చెను. జీతము మరల 50 రూపాయలే. ధనాశచే వచ్చినవాడు కాడని వేఱుగ చెప్పనక్కఱలేదు.

కళాశాల స్థితి శోచనీయముగా నుండెను. వేళకు వచ్చు గురువులు తక్కువ. తరగతిలో కునుకు తీయు వృద్ధపండితులు ఎక్కువ. వారిలో కొందఱు ఆయనకే పాఠము చెప్పినవారు. మందలించుటకు నోరు రాదు. ఆలస్యముగా వచ్చువారి యెదుట ద్వారముకడ మౌనముగా నిలుచుటయే ఆయన చేసిన శిక్ష యని చెప్పుదురు. కొలది దినములలో వారే సిగ్గుపడి వేళకు రాసాగిరి.

కార్యదర్శి రసమయ దత్తు దుర్మార్గుడు కాడు. ఆయనకు న్యాయస్థానమున మఱియొక యుద్యోగము కలదు. కళాశాల రెండవ పని. ఇట్టి యధికారి తాను చేయడు, చేయువానిని చేయనీయడు. బాలురు ముగ్ధబోధ వ్యాకరణమును అర్థమెఱుగక ఏండ్ల తరబడి వల్లించుచుండిరి. ఈ పద్ధతిని మార్చి, పాఠ్యక్రమమును సవరింపవలెనని విద్యాసాగరుడు వివరమైన ప్రణాళిక వ్రాసి సమర్పించెను. దత్తు అందు స్వల్పభాగమును మాత్రము గైకొని తక్కినదానిని త్రోసివేసెను. విద్యాసాగరుడు వాదులాడలేదు, చాటున గొణగలేదు. 1847లో రాజీనామా పత్రమునిచ్చెను.

బ్రదుకెట్లని అడిగినవారికి, కూరగాయలమ్మియైనను జీవింతునని బదులిచ్చెనట. మాట సులభము, ఇల్లు గడచుట సులభము కాదు. తమ్ములును, అన్నమునకై చేరిన బీదవిద్యార్థులును ఆయన యింటనే యుండిరి. తమ్ముడు దీనబంధు జీతముతో ఇల్లు గడచెను. తల్లిదండ్రులకు పంపవలసిన సొమ్మును అప్పుచేసి పంపెను. మిత్రుడు మదనమోహన తర్కాలంకారునితో కలిసి, 600 రూపాయలు ఋణముచేసి, ముద్రాలయము స్థాపించెను. వారు ప్రకటించిన అన్నదామంగళ ప్రతులను నూఱింటిని ఫోర్టువిలియం కళాశాల కొనగా ఆ ఋణము తీఱెను. ఆయన బేతాళపంచవింశతియు 1847లోనే వెలువడెను.

1850లో సాహిత్యాచార్య పదవికి పిలుపు రాగా, ఈసారి విద్యాసాగరుడు తొందరపడలేదు. కళాశాలను నడపు అధికారము లేక వచ్చుట వ్యర్థమని విద్యామండలి కార్యదర్శియైన మౌయటు దొరకు తెలియజేసి, ఆ పిమ్మటనే చేరెను. డిసెంబరులో సంస్కరణలపై నివేదిక నొసగెను. దత్తు తానే తప్పుకొనెను. కార్యదర్శి, సహాయకార్యదర్శి పదవులు రెండును రద్దయి, 1851 జనవరిలో విద్యాసాగరుడు 150 రూపాయల జీతమున అధ్యక్షుడయ్యెను. నాలుగేండ్ల క్రిందట త్రోసివేయబడిన తలంపులు ఇప్పుడు ఆచరణమునకు వచ్చెను. వంగభాషలో సులభవ్యాకరణము వెలసెను. బ్రాహ్మణ వైద్యులకే పరిమితమైన ప్రవేశము ఆ యేటనే కాయస్థులకును, పిదప ఇతర హిందువులకును లభించెను. ప్రతిపత్తు, అష్టమి సెలవులు పోయి ఆదివారపు సెలవు వచ్చెను.

పైయధికారుల బెడద అంతటితో తీఱలేదు. 1857 నవంబరు మొదలు 1858 మే వఱకు ఆయన 35 బాలికాపాఠశాలలు స్థాపించెను. సుమారు 1300 మంది బాలికలు చేరిరి. గవర్నరుగారి నోటిమాటను నమ్మి ప్రారంభించిన ఈ పనికి వ్రాతమూలకమైన యనుమతి లేదని ద్రవ్యము నిలిచిపోయెను. విద్యాశాఖ డైరెక్టరు గార్డన్ యంగు, అనుభవము చాలని యువకుడు, అడుగడుగున అడ్డుతగిలెను. 500 రూపాయల జీతమును, పింఛను ఆశను విడిచి విద్యాసాగరుడు 1858లో కొలువు చాలించెను. ఉపాధ్యాయుల బకాయి 3,439 రూపాయలను ప్రభుత్వము తుదకు చెల్లించెను గాని పాఠశాలలకు స్థిరమైన సాయము చేయ నొప్పుకొనలేదు. ఆయన చందాలు పోగుచేసి వానిలో కొన్నింటిని నిలుపుకొనెను.

తరువాత ఆయన యే దొర క్రిందను పనిచేయలేదు. ఆయన పోషించిన మెట్రోపాలిటన్ విద్యాలయము 1872లో కళాశాలయై, భారతీయోపాధ్యాయులతోనే నడచెను. 1891 జూలై 29వ తేదీన కలకత్తాలో దేహము చాలించునాటికి అది బి.ఏ. వఱకు బోధించుచుండెను.