చక్రాలమీద కాపురం

అమెరికా దేశంలో ఒక వేడుక ఉంది. పాత కాలపు స్టేషన్ వ్యాగన్ కారుకి వెనక ఇల్లులాంటి ట్రైలరు తగిలించి, అందులోనే పడక, వంట, స్నానం అన్నీ అమర్చుకుని ఊళ్లు తిరుగుతారు. 1936లో ఎయిర్‌స్ట్రీమ్ అనే పేరుతో వచ్చిన వెండిరంగు ట్రైలర్లు ఈ సరదాకి బాగా ప్రచారం తెచ్చాయి. మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అయితే బండి వెనక బండి అంటే ట్రాక్టరు, దాని ట్రక్కు, అందులో పత్తి బోరాలు, మిర్చి టిక్కీలు. సరదాకి ఇల్లు లాక్కుపోయేవాళ్లు మనకెక్కడ? కాని ఒక పాత కారుబండిని ఇల్లుగా చేసుకుని నెలల తరబడి రోడ్డు మీదే బతికిన మనిషి మనకి ఉన్నాడు. అది సరదా కాదు, పందెం. ఆయనే నందమూరి తారక రామారావుగారు.

ఆయన 1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరులో రైతు కుటుంబంలో పుట్టారు. విజయవాడలో చదువుకునేటప్పుడు విశ్వనాథ సత్యనారాయణగారు గురువు. కళాశాల నాటకంలో నాగమ్మ వేషం ఇస్తే మీసం తియ్యనని భీష్మించి, మీసంతోనే ఆడి, మీసాల నాగమ్మ అనిపించుకున్నారు. ఇంటి పరిస్థితులు బాగాలేక విజయవాడ హోటళ్లకి పాలు పోసిన రోజులూ ఉన్నాయి. తరువాత గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో బి.ఏ. చదివారు. జగ్గయ్యగారి వంటి మిత్రులతో నాటకాలాడిందీ ఇక్కడే. అంటే మన గుంటూరు గాలి ఆయనకి కొత్త కాదు.

1947లో ఈ జిల్లాలోనే సబ్‌రిజిస్ట్రారు ఉద్యోగం వచ్చింది. ఆ రోజుల్లో అలాంటి సర్కారు కొలువు దొరికితే ఇంటిల్లిపాదికీ పండగే. ఆయన మూడు వారాల్లో దాన్ని వదిలి మద్రాసు రైలెక్కారు. 1949లో మనదేశం, 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్. ఆ తరువాత కథ ఎవరికీ చెప్పనక్కరలేదు. గోడమీద క్యాలెండరు కృష్ణుడికి కూడా ఆయన ముఖమే వచ్చింది.

తెరమీద దేవుడైనవాడు నేలమీదికి దిగటం ఎలా? 1952లో రాయలసీమ కరువుకి, 1977లో దివిసీమ ఉప్పెనకి జోలె పట్టి వీధుల్లో తిరిగినప్పుడు ఆ దారి ఆయనకి కొంత తెలిసింది. 1982 మార్చి 29న హైదరాబాదులో తెలుగుదేశం పార్టీ ప్రకటించేనాటికి ఆయన వయసు యాభై తొమ్మిదికి దగ్గరపడింది. రాష్ట్రం పుట్టిన 1956 నుంచీ కాంగ్రెసుదే పాలన. అయితే 1978 తరువాత ఐదేళ్లు తిరగకుండా నలుగురు ముఖ్యమంత్రులు మారారు. జనానికి విసుగు పుట్టింది. కాని విసుగు ఓటుగా మారాలంటే ఎవరో ఒకరు గడప దాకా రావాలి కదా!

అప్పుడు బయటికొచ్చింది పాత షెవర్లే వ్యాను. దాన్ని బాగుచేయించి, పైన నిలబడి మాట్లాడటానికి వేదిక, మైకు, లౌడుస్పీకర్లు, లోపల విశ్రాంతికి చోటు ఏర్పాటు చేసి చైతన్యరథమని పేరు పెట్టారు. కుమారుడు హరికృష్ణ సారథి. అమెరికావారిలా ఇంటిని వెనక తగిలించుకుంటే మన పల్లెదారుల్లో సాగదు. లాగే బండి ఒక తీరుగా, వెనకది ఒక తీరుగా ఊగుతాయి. ఇరుకు సందులో వెనక్కి తిప్పటమూ గండమే. వాన పడితే నల్లరేగడి చక్రాన్ని పట్టి వదలదు. అందుకే ఇల్లూ, వేదికా, బండీ ఒక్కటే అయ్యాయి.

ఖాకీ బట్టలు కట్టి, చెట్టుకింద స్నానం, రోడ్డుపక్క భోజనం, వ్యానులోనే నిద్ర. అలా వేల కిలోమీటర్లు సాగింది. పత్తి తీతల్లో, మిర్చి చేలల్లో కూలికి వెళ్లినవాళ్లు పని ఆపి గట్టుమీదికొచ్చి చూశారు. వేళకి రాకపోయినా అర్ధరాత్రి దాకా కూర్చున్నారు. 1983 జనవరి 5న పోలింగు. 294 స్థానాల్లో 201 తెలుగుదేశానివి. జనవరి 9న ప్రజల మధ్య, లాల్ బహదూర్ స్టేడియంలో ప్రమాణస్వీకారం.

కిలో రెండు రూపాయల బియ్యం, తిరుపతిలో మహిళా విశ్వవిద్యాలయం, ఆడపిల్లకి ఆస్తిలో వాటా ఆయన పేరు చెప్పుకునే పనులు. 1984 ఆగస్టు 16న గవర్నరు పదవి నుంచి తీసేస్తే మళ్లీ జనంలోకే వెళ్లి, సరిగ్గా నెలకి, సెప్టెంబరు 16న తిరిగి వచ్చారు. అయితే అన్నీ తానై నడిపించే తీరు పెరిగిందనీ, తోటివారి మాట వినరనీ విమర్శ కూడా వచ్చింది. 1989లో ఓడారు, 1994లో ఘనంగా గెలిచారు. 1995లో సొంత పార్టీవారూ, కుటుంబంవారూ దూరమై పదవి పోయింది. 1996 జనవరి 18న కన్నుమూశారు.

విద్యార్థి మిత్రులు గమనించవలసింది ఒక్కటుంది. ఆయన్ని గెలిపించింది సినిమా ముఖం ఒక్కటే అయితే మద్రాసులో కూర్చునే గెలిచి ఉండేవారు. ఆ ముఖం దుమ్ము కొట్టుకుని మన ఊరి మలుపు దాకా వచ్చింది, అక్కడే తిని అక్కడే పడుకుంది. జనానికీ ఆయనకీ మధ్య బండి తలుపు ఒక్కటే అడ్డుగా ఉన్నంతకాలం ఆయన్ని ఎవరూ కదిలించలేకపోయారు. ఆ మధ్యలోకి గదులూ, గోడలూ, మనుషులూ చేరినకొద్దీ ఆయన ఒంటరివారయ్యారు. పట్టా పుచ్చుకుని రేపు ఏ కొలువుకి వెళ్లినా, మనం వచ్చిన పల్లెకీ మనకీ మధ్య ఎన్ని తలుపులు పెట్టుకుంటామన్నది మన చేతుల్లోనే ఉంది.