రాజాజీ: ఎదిరించిన ఆంక్షలు, విధించిన ఆంక్షలు

లైసెన్స్-పర్మిట్-కోటా రాజ్ అనే పదబంధం నేటికీ భారత రాజకీయ పరిభాషలో సజీవంగా ఉంది. దానిని ప్రచారంలోకి తెచ్చిన చక్రవర్తి రాజగోపాలాచారి వయసు అప్పటికి ఎనభైకి చేరువలో ఉంది. వ్యాపారానుభవం ఆయనకు లేదు. పెట్టుబడిదారుల కుటుంబంలోనూ పుట్టలేదు. రెండు పర్యాయాలు మద్రాసు ప్రభుత్వాధినేతగా, స్వతంత్ర భారత గవర్నర్ జనరల్‌గా, కేంద్ర హోంమంత్రిగా పనిచేసిన పాలకుడాయన. ఒక ఆంక్ష కాగితం మీద ఎలా పుడుతుందో, గ్రామానికి చేరేసరికి ఏ రూపు దాలుస్తుందో లోపలి నుంచి చూసినవారు. వాటిలో కొన్నింటిని స్వయంగా విధించినవారు కూడా. రాజాజీని స్వేచ్ఛా విపణి ప్రవక్తగా మాత్రమే స్మరించేవారు ఈ రెండో సంగతిని సాధారణంగా దాటవేస్తారు.

రాజాజీ 1878 డిసెంబరు 10న నాటి సేలం జిల్లాలో, హోసూరు సమీపంలోని తొరపల్లిలో జన్మించారు. తండ్రి ఆ గ్రామ మునసబు. బెంగళూరు సెంట్రల్ కళాశాలలోనూ, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోనూ చదివి, 1900లో సేలంలో న్యాయవాద వృత్తి ఆరంభించారు. వృత్తిలో బాగా రాణించారు. 1917లో సేలం పురపాలక సంఘానికి అధ్యక్షులయ్యారు. రౌలట్ చట్టం నాటి నిరసనల కాలంలో గాంధీజీకి సన్నిహితులై, సహాయ నిరాకరణ పిలుపుతో వృత్తిని విడిచిపెట్టారు. 1925లో తిరుచెంగోడు సమీపంలో ఆశ్రమం స్థాపించి ఖద్దరు, అస్పృశ్యతా నిర్మూలన, మద్యపాన వ్యతిరేక ప్రచారాలలో నిమగ్నులయ్యారు. ఆశ్రమ పరిసరాలలోని నేతగాళ్ల, కూలీల ఇళ్లలో తాగుడు చేసిన చెరుపును కళ్లారా చూసిన అనుభవం ఆయన తరువాతి నిర్ణయాలలో చాలావాటికి మూలం.

1930 నాటి ఉప్పు సత్యాగ్రహం దేశ స్వాతంత్ర్య గాథగానే మనకు పరిచయం. పాలనాపరంగా చూస్తే అది లైసెన్సుపై తిరుగుబాటు కూడా. సముద్రపు ఒడ్డున ఎండిన ఉప్పును అనుమతి లేకుండా తీసుకోవడం నేరమని నాటి చట్టం చెప్పేది. తయారీపై ప్రభుత్వానిదే పెత్తనం, దానిపై వచ్చే పన్ను ప్రభుత్వానిదే. దండి యాత్రకు దక్షిణాది ప్రతిరూపంగా రాజాజీ దాదాపు వందమంది కార్యకర్తలతో ఆ ఏడాది ఏప్రిల్‌లో తిరుచిరాపల్లి నుంచి వేదారణ్యానికి పాదయాత్ర నడిపారు. యాత్రికులకు అన్నం పెట్టినా, ఆశ్రయమిచ్చినా శిక్ష తప్పదని తంజావూరు కలెక్టరు ఉత్తర్వు జారీ చేశారు. గ్రామస్థులు ఆహారాన్ని మూటగట్టి దారి పక్కన చెట్లకు వేలాడదీసి, ఆ ఉత్తర్వును నిష్ఫలం చేశారు. ఆ నెలాఖరున రాజాజీ వేదారణ్యంలో ఉప్పు తీసి అరెస్టయ్యారు.

ఏడేళ్ల తరువాత అదే వ్యక్తి ఉత్తర్వులు జారీ చేసే స్థానంలో కూర్చున్నారు. 1937 జులైలో మద్రాసు ప్రధానిగా బాధ్యతలు చేపట్టిన రాజాజీ, అక్టోబరు 1 నుంచి సేలం జిల్లాలో మద్యనిషేధం అమలుపరిచారు. మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకూ దానిని విస్తరించారు. కల్లు, సారా దుకాణాల వేలం పాటలు ఆగిపోయాయి. దుకాణదారుల వ్యాపారంతోపాటు చెట్టెక్కి కల్లు తీసే వేలాది గీత కార్మికుల జీవనాధారమూ పోయింది. ప్రభుత్వ ఖజానాకూ గండి పడింది. ఆబ్కారీ రాబడి నాటి మద్రాసు ప్రభుత్వానికి ప్రధాన ఆదాయ వనరులలో ఒకటి. ఆ లోటు పూడ్చేందుకు రాజాజీ 1939లో సాధారణ అమ్మకపు పన్ను చట్టం తెచ్చారు. దేశంలో ఆ తరహా పన్నుకు అదే నాంది. వర్తకులు లెక్కల పుస్తకాలు అధికారికి చూపవలసిన అవసరం వారి దైనందిన వ్యాపారంలోకి ఆ విధంగా ప్రవేశించింది. వర్తక సంఘాలు తీవ్రంగా నిరసించినా ఆయన వెనక్కి తగ్గలేదు.

అదే పాలనాకాలంలో పాఠశాలల్లో హిందీని తప్పనిసరి చేశారు. నిరసనకారులపై బ్రిటిష్ హయాంలో కాంగ్రెస్ ద్వేషించిన క్రిమినల్ లా సవరణ చట్టాన్నే ప్రయోగించారు. వెయ్యి మందికి పైగా అరెస్టయ్యారు. ఈ అధ్యాయాన్ని సమర్థించడం ఆయన అభిమానులకు సైతం కష్టం. కాలాంతరంలో ఆయనే హిందీని రుద్దడాన్ని వ్యతిరేకించిన ప్రముఖులలో ఒకరయ్యారు.

1950 డిసెంబరులో సర్దార్ పటేల్ మరణానంతరం రాజాజీ కేంద్ర హోంమంత్రి అయ్యారు. ఆ హోదాలో 1951లో అభ్యంతరకర పత్రికా రచనలపై చట్టాన్ని పార్లమెంటులో ప్రవేశపెట్టారు. పాత చట్టం కింద పత్రికను శిక్షించే అధికారం ప్రభుత్వాధికారులకు ఉండేది. కొత్త చట్టం ఆ అధికారాన్ని న్యాయస్థానానికి అప్పగించింది. పత్రికా లోకం దీనితో శాంతించలేదు. అధికారి స్థానంలో న్యాయమూర్తి ఉంటే చాలా, లేక ఆంక్షే ఉండరాదా అన్నది నాటి వివాదం. రాజాజీ మొదటి పక్షాన నిలిచారు. దేశ పారిశ్రామిక రంగాన్ని తరువాతి నాలుగు దశాబ్దాలు శాసించిన పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టానికి పార్లమెంటు ఆమోదం లభించిందీ ఆ ఏడాదే. ఆయన తరువాత ఎదిరించిన వ్యవస్థకు పునాదిరాయి పడింది తాను సభ్యుడిగా ఉన్న ప్రభుత్వం చేతనే.

1952 ఏప్రిల్‌లో రాజాజీ మద్రాసు ముఖ్యమంత్రిగా తిరిగి వచ్చారు. అప్పటికి ఆంధ్ర ప్రాంతమూ ఆ రాష్ట్రంలోనే ఉంది. యుద్ధకాలంలో మొదలైన ఆహార నియంత్రణలు శాంతికాలంలోనూ కొనసాగుతున్నాయి. రైతు పండించిన ధాన్యంలో ప్రభుత్వం నిర్ణయించిన భాగాన్ని, ప్రభుత్వం నిర్ణయించిన ధరకు లెవీ కింద అప్పగించాలి. మిగిలిన ధాన్యాన్ని స్వేచ్ఛగా తరలించే వీలు లేదు. పట్టణవాసికి రేషన్ కార్డుపై వచ్చే కొద్దిపాటి బియ్యమే గతి. ఫలితంగా ధాన్యం దొంగచాటుగా కదిలేది. తనిఖీ కేంద్రాల వద్ద లంచం ఒక స్థిరమైన సుంకంగా మారింది. గ్రామంలో ఎవరి గాదెలో ఎంత ఉందో చెప్పే అధికారం గల చిన్న ఉద్యోగి పెద్ద రైతుతో సర్దుకుపోయి, చిన్న రైతుపై ప్రతాపం చూపడం పరిపాటి అయింది.

జూన్‌లో రాజాజీ ఈ నియంత్రణలను ఎత్తివేశారు. వానలు సరిగా కురవని ఏళ్ల తరువాత తీసుకున్న ఆ నిర్ణయం ప్రమాదకరమని పలువురు భావించారు. నియంత్రణ పోతే ధరలు మండిపోతాయని, పేదలు ఆకలితో అలమటిస్తారని హెచ్చరికలు వచ్చాయి. కేంద్ర ఆహార మంత్రి రఫీ అహ్మద్ కిద్వాయ్ మాత్రం అండగా నిలిచారు. భయపడినంత అనర్థం జరగలేదు. దాచిన ధాన్యం అంగళ్లకు వచ్చింది, రేషన్ దుకాణాల ముందు వరుసలు తగ్గిపోయాయి. కిద్వాయ్ ఆ బాటలోనే సాగి 1954 నాటికి దేశవ్యాప్తంగా బియ్యంపై నియంత్రణలు తొలగించారు. రాజాజీ రాజకీయ జీవితంలో సామాన్యుడికి వెనువెంటనే మేలు చేసిన నిర్ణయాలలో దీనిది ముందువరుస. కాగితం మీది న్యాయం అంగట్లో అన్యాయంగా మారే తీరు ఆయనకు సిద్ధాంత గ్రంథాల కంటే ఈ అనుభవం వల్లనే ఎక్కువగా బోధపడిందనుకోవచ్చు.

అయితే ఆ ఏడాదే ఆయన మరో దిశలోనూ నడిచారు. చీరాల మొదలు సేలం వరకు చేనేత కుటుంబాలు నేసిన బట్ట అమ్ముడుపోక కష్టాల్లో ఉండగా, పంచెలు, చీరల ఉత్పత్తిని పూర్తిగా చేమగ్గాలకే కేటాయించాలని కేంద్రాన్ని కోరారు. కేంద్రం అంత దూరం వెళ్లలేదు గాని, మిల్లుల పంచెల ఉత్పత్తిపై పరిమితి విధించింది. ధాన్యం విషయంలో విపణిని విశ్వసించిన ముఖ్యమంత్రి, వస్త్రం విషయంలో విశ్వసించలేదు. బలహీనుడికి రక్షణగా నిలిచే ఆంక్ష వేరు, బలహీనుడిని అధికారి గుమ్మం ముందు నిలబెట్టే ఆంక్ష వేరు అన్న వివక్ష ఆయన ఆలోచనలో ఉండేదని ఈ రెండు నిర్ణయాలను కలిపి చూస్తే తోస్తుంది. ఆ గీతను ఎక్కడ గీయాలన్నది మాత్రం ఆయన ఎన్నడూ స్పష్టంగా తేల్చలేదు. సగంపూట బడి, మిగతా పూట కులవృత్తి అన్నట్టుగా ప్రజలు అర్థం చేసుకున్న విద్యా పథకంపై ఆగ్రహం పెల్లుబికి, 1954లో ముఖ్యమంత్రి పదవి వదులుకున్నారు.

ఆ తరువాతి సంవత్సరాలలో లైసెన్సు వ్యవస్థ వేళ్లూనుకుంది. చట్టం పేర్కొన్న పరిశ్రమలలో కొత్త కర్మాగారం పెట్టాలన్నా, ఉన్నదానిని గణనీయంగా విస్తరించాలన్నా, కొత్త వస్తువు తయారు చేయాలన్నా లైసెన్సు అనివార్యం. అది చేతికొచ్చాక యంత్రాల దిగుమతికి మరో అనుమతి, వాటాలు జారీ చేసి మూలధనం సేకరించేందుకు ఇంకో అనుమతి. ఉక్కు, సిమెంటు వంటివి కోటా ప్రకారమే లభించేవి. 1956 పారిశ్రామిక విధాన తీర్మానం కీలక రంగాలను ప్రభుత్వానికే ప్రత్యేకించింది. 1957 నుంచి విదేశీ మారక ద్రవ్యం కరువై దిగుమతి అనుమతులు మరింత బిగిశాయి. కొరతలో ఉన్న వస్తువుకు దక్కిన అనుమతి పత్రమే ఒక ఆస్తి అయింది. తెలుగువాడైన ఖాసా సుబ్బారావు 1956లో ఆరంభించిన స్వరాజ్య వారపత్రికలో రాజాజీ వారం వారం ఈ వ్యవస్థను విమర్శిస్తూ రాశారు. పరిశ్రమ అసమర్థంగా తయారవుతుందన్నది ఆయన వాదనలో ఒక భాగం మాత్రమే. అనుమతి ఇచ్చే చేయి పార్టీ నిధులు అడిగే చేయి ఒకటే అయినప్పుడు పౌరుడు స్వేచ్ఛగా ఓటు వేయగలడేమో గాని స్వేచ్ఛగా మాట్లాడలేడన్నది ఆయన ప్రధానమైన ఆందోళన.

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సమావేశం ఉమ్మడి సహకార వ్యవసాయ తీర్మానాన్ని ఆమోదించడంతో ఆ విమర్శ పార్టీ రూపం దాల్చింది. జూన్‌లో మద్రాసులో స్వతంత్ర పార్టీ ప్రకటన వెలువడింది. గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా దానికి అధ్యక్షులయ్యారు. మినూ మసాని, కె.ఎం. మున్షీ వంటివారు తోడయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పార్టీకి అండగా నిలిచిన గౌతు లచ్చన్న ప్రస్థానం ఇక్కడ ప్రత్యేకంగా గమనించదగినది. రాజాజీ ఆరంభించి తరువాతి ప్రభుత్వాలు రాష్ట్రమంతటా విస్తరించిన మద్యనిషేధం ఆంధ్ర రాష్ట్రానికి వారసత్వంగా సంక్రమించింది. దానివల్ల ఉపాధి కోల్పోయిన గీత కార్మికుల పక్షాన సత్యాగ్రహం నడిపింది లచ్చన్నే. 1954 నవంబరులో ప్రకాశం మంత్రివర్గం కూలిపోయిందీ మద్యనిషేధం ప్రశ్నపైనే. ఆ ఉద్యమ నాయకుడు మద్యనిషేధానికి ఆద్యుడైన రాజాజీ పార్టీలో చేరారు.

వ్యాపారవేత్తలు పార్టీ వెనుక బారులు తీరుతారని ఊహించినవారికి ఆశాభంగమే ఎదురైంది. లైసెన్సు కోసం ఢిల్లీ వైపు చూసే సంస్థ, ఢిల్లీని విమర్శించే పార్టీకి బాహాటంగా విరాళమివ్వడానికి జంకేది. 1961లో కాంగ్రెస్‌తోపాటు స్వతంత్ర పార్టీకీ విరాళమివ్వాలని నిర్ణయించిన జె.ఆర్.డి. టాటా, ఆ సంగతిని లేఖ ద్వారా నెహ్రూకే తెలియజేశారు. ఘనశ్యామ్ దాస్ బిర్లా మాత్రం కాంగ్రెస్ పక్షాన్నే ఉన్నారు. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఆర్.కె. హజారీ 1960ల మధ్యలో ప్రణాళికా సంఘానికి సమర్పించిన అధ్యయనం, పెద్ద సంస్థలు అవసరానికి మించి లైసెన్సులు పొంది, వాటిలో చాలావాటిని వాడకుండానే పోటీదారులకు దారి మూసివేశాయని తేల్చింది. గుత్తాధిపత్యాన్ని అరికట్టేందుకని సమర్థించిన వ్యవస్థ గుత్తాధిపత్యానికే కంచెగా మారింది.

లోక్‌సభలో స్వతంత్ర పార్టీ బలం 1962లో 18 స్థానాలు, 1967లో 44. రెండోసారి అది అతిపెద్ద ప్రతిపక్షం. కాని మాజీ సంస్థానాధీశులు, భూస్వాములు పార్టీలో ప్రముఖంగా ఉండటంతో, స్వేచ్ఛ పేరిట పాత హోదాలను కాపాడుతున్నారన్న విమర్శ దానిని వీడలేదు. ఆ విమర్శలో కొంత నిజముంది. భూమిలేని కూలీకి భూపరిమితి చట్టం ఆంక్షగా కాక ఆశగా కనిపించేదన్న విషయాన్ని పార్టీ తగినంతగా పట్టించుకోలేదు. 1971 ఎన్నికలలో ఎనిమిది స్థానాలకు పడిపోయింది.

ఆ ఏడాదే తమిళనాడు ప్రభుత్వం మద్యనిషేధాన్ని నిలిపివేయ సంకల్పించింది. 92 ఏళ్ల రాజాజీ ముఖ్యమంత్రి కరుణానిధిని స్వయంగా కలిసి, ఆ ఆలోచన మానుకోవాలని వేడుకున్నారు. ఫలితం లేకపోయింది. ఆగస్టులో దుకాణాలు తెరుచుకున్నాయి. 1972 డిసెంబరు 25న రాజాజీ కన్నుమూశారు. రెండేళ్లు తిరగకముందే స్వతంత్ర పార్టీ చరణ్ సింగ్ నాయకత్వంలోని భారతీయ లోక్‌దళ్‌లో విలీనమైంది.

1991 జులై 24న పరిశ్రమల శాఖను కూడా తనవద్దే ఉంచుకున్న ప్రధాని పి.వి. నరసింహారావు ప్రభుత్వం, 18 పరిశ్రమలు మినహా మిగిలినవాటికి లైసెన్సు అవసరాన్ని రద్దు చేసింది. తమిళనాడులో మద్యం చిల్లర విక్రయం 2003 నుంచి ప్రభుత్వ సంస్థ చేతిలో ఉంది. మద్యం రాబడి లేని లోటు పూడ్చేందుకని 1939లో రాజాజీ ప్రవేశపెట్టిన అమ్మకపు పన్ను, నిషేధం పోయిన తరువాత కూడా దశాబ్దాలపాటు రాష్ట్రాల ఖజానాలను పోషించింది.