ఒకే ఇంట రెండు కలాలు: అష్ఫాక్ అహ్మద్, బానో ఖుద్సియా

పాకిస్తాన్ టెలివిజన్ నాటకానికి సాహిత్య గౌరవం తెచ్చిన తొలితరం రచయితల్లో అష్ఫాక్ అహ్మద్ ముఖ్యులు. ఆయన భార్య బానో ఖుద్సియా కూడా అదే తెరకు రాశారు. ఇద్దరూ ఒకే ఇంట్లో రాసినా, ఒకరి రచన మరొకరి పేరులో కలిసిపోలేదు.

ఇద్దరి జన్మస్థలాలూ నేటి భారతదేశంలోనే ఉన్నాయి. అష్ఫాక్ 1925 ఆగస్టు 22న అప్పటి ఫిరోజ్‌పూర్ జిల్లాలోని ముక్త్‌సర్‌లో, బానో 1928 నవంబరు 28న ఫిరోజ్‌పూర్‌లో జన్మించారు. దేశ విభజన రెండు కుటుంబాలనూ లాహోర్ చేర్చింది. అక్కడి ప్రభుత్వ కళాశాలలో ఉర్దూ ఎం.ఏ. చదువుతుండగా వారికి పరిచయం కలిగింది. అష్ఫాక్ కొంతకాలం రోమ్‌లో ఉర్దూ బోధిస్తూ, అక్కడి రేడియోలో పనిచేశారు. పఠాన్లయిన ఆయన కుటుంబీకులకు ఈ సంబంధం సమ్మతం కాలేదు. అయినా 1956 డిసెంబరులో నిరాడంబరంగా వివాహం జరిగింది.

దంపతులు కలిసి 'దాస్తాన్‌గో' మాసపత్రిక నడిపారు. అప్పటికే 'గడరియా' కథ అష్ఫాక్‌కు ఖ్యాతి తెచ్చింది. ముస్లిం శిష్యుణ్ణి కన్నకొడుకులా చూసుకున్న ఒక హిందూ పండితుడు విభజన వేళ అల్లరిమూక చేతిలో అవమానం పాలవడం అందులోని ఇతివృత్తం. 1962లో మొదలైన 'తల్ఖీన్ షా' రేడియో కార్యక్రమం ఆయన గొంతును ఇంటింటికీ చేర్చింది.

1964 నవంబరు 26న లాహోర్‌లో టెలివిజన్ ప్రసారాలు ప్రారంభమయ్యాయి. అష్ఫాక్ రాసిన 'ఏక్ మొహబ్బత్ సౌ అఫ్సానే', 'తోతా కహానీ' విశేష ఆదరణ పొందాయి. 'మన్ చలే కా సౌదా'లో ఓ సంపన్న పారిశ్రామికవేత్త అన్నీ వదిలి సూఫీ మార్గం పడతాడు. బానో దృష్టి మాత్రం ఇంటి నాలుగు గోడల మధ్య సాగే జీవితంపై నిలిచింది. ఆమె 'ఆధీ బాత్' ఓ విశ్రాంత ప్రధానోపాధ్యాయుడి నిత్య సమస్యలను చూపింది. 1981లో వెలువడిన 'రాజా గిద్ధ్' నవల ఆమెను ఉర్దూ సాహిత్యంలో అగ్రశ్రేణి రచయిత్రిగా నిలబెట్టింది.

భర్తదే మొదటి స్థానమని బానో బహిరంగంగానే చెప్పేవారు. స్త్రీల విధేయతను ఆమె సమర్థించడం స్త్రీవాదులకు రుచించలేదు. అయితే ఆమె రచనా జీవితమే ఆ మాటకు భిన్నంగా సాగింది. నవలలు, కథలు, నాటకాలు అన్నీ ఆమె సొంత పేరుతోనే, సొంత ధోరణిలోనే వెలువడ్డాయి. భర్త కీర్తి నీడలో అవి మరుగున పడలేదు.

2004 సెప్టెంబరు 7న అష్ఫాక్ కన్నుమూశారు. 'బాబా సాహిబా' పేరిట ఆయన రాస్తున్న స్వీయచరిత్ర అసంపూర్తిగా మిగిలింది. దానికి కొనసాగింపుగా బానో 'రాహ్-ఏ-రవాన్' వెలువరించారు. అర్ధశతాబ్ది సాహచర్యంలో భర్త ఆపిన చోట భార్య కలం అందుకున్న సందర్భం అది. 2017 ఫిబ్రవరి 4న ఆమె కూడా మరణించారు. లాహోర్ మోడల్ టౌన్‌లో భర్త సమాధి పక్కనే ఆమెను ఖననం చేశారు.