తనతో తాను పోరాడిన టాల్‌స్టాయ్

రాజ్యాలు గెలిచినవారి చరిత్రలు మన పాఠాల్లో చాలా ఉన్నాయి. తనలోని 'నేను'తో చివరిదాకా పోట్లాడిన ఒక రచయిత గురించి ఇక్కడ రాస్తున్నాను.

లియో టాల్‌స్టాయ్ 1828లో రష్యాలోని యాస్నయా పొల్యానాలో జమీందారీ కుటుంబంలో జన్మించారు. తొమ్మిదేళ్లు నిండకముందే తల్లిదండ్రులిద్దరూ పోయారు. కజాన్ విశ్వవిద్యాలయంలో చేరి డిగ్రీ లేకుండానే బయటికి వచ్చారు. జూదపు అప్పుల కోసం తాను పుట్టిన ఇంటినే అమ్ముకున్నారు. అయితే 1847లో డైరీ మొదలుపెట్టి, తన తప్పులు తానే అందులో రాసుకునేవారు.

1859లో తన ఎస్టేటులోనే రైతుల పిల్లలకు బడి తెరిచారు. అప్పటికి రష్యాలో అర్ధబానిసత్వం రద్దు కాలేదు. అది జరిగింది 1861లో. ఆ బడిలో దెబ్బలు లేవు. మనలాంటి ఇళ్ల పిల్లల కోసమే అది.

'యుద్ధము–శాంతి', 'అన్నా కరెనినా' నవలలతో గొప్ప పేరు వచ్చింది. యాభై ఏళ్లకు ధనం, కీర్తి, సంసారం అన్నీ ఉన్నాయి. సరిగ్గా అప్పుడే ఆయన మనసు ముందుకు కదలనని మొరాయించింది. ఇంత సాధించి ఏం లాభమన్న ప్రశ్నకు తత్వశాస్త్రంలోనూ విజ్ఞానంలోనూ జవాబు దొరకలేదు. చదువురాని రైతులు మాత్రం కష్టాన్ని, రోగాన్ని, చావును నిబ్బరంగా ఎదుర్కొంటున్నారు. అర్థం లేనిది జీవితం కాదని, ఇతరుల కష్టం మీద తాను బతికే తీరేనని ఆయనకు అప్పుడు తెలిసింది.

పొలం దున్నారు. బూట్లు కుట్టడం నేర్చుకున్నారు. మన ఊళ్లలో చెప్పులు కుట్టేవారిని ఎలా చూస్తారో మనకు తెలుసు కాబట్టి, ఒక జమీందారు ఆ పనికి కూర్చోవడం నాకు చిన్న సంగతిగా అనిపించలేదు. 1891–92 కరువులో రియాజాన్ ప్రాంతంలో ఉచిత భోజనశాలలు నడిపారు. ఆయన రచనలు చదివి ప్రభావితుడైన గాంధీజీ 1910లో దక్షిణాఫ్రికాలో టాల్‌స్టాయ్ పేరిట ఆశ్రమం స్థాపించారు.

మరి అహంకారం పూర్తిగా పోయిందా? పోలేదనే నా అభిప్రాయం. 13 మంది బిడ్డలను కని, ఆ పెద్ద నవల రాతప్రతిని మళ్లీ మళ్లీ సాఫు రాసిచ్చిన భార్య సోఫియా గోడు ఆయన చెవికెక్కలేదు. ఆస్తి వదులుకుంటే ఆయనకు త్యాగం, ఇల్లు గడపాల్సింది మాత్రం ఆమె.

1910లో, 82వ ఏట, ఒక రాత్రి ఆమెకు చెప్పకుండా ఇల్లు విడిచారు. దారిలో న్యుమోనియా సోకి, అస్తాపొవో స్టేషన్ మాస్టరు ఇంట్లో మంచం పట్టారు. సోఫియా వచ్చినా, ఆయనకు స్పృహ పోయేదాకా లోపలికి రానివ్వలేదు. నవంబరు 20న కన్నుమూశారు. యాస్నయా పొల్యానా అడవిలో ఆయన సమాధి ఉంది. దానిమీద శిలువ లేదు, పేరు లేదు, పచ్చగడ్డి మాత్రమే ఉంటుంది.