వెండి మరకల్లో నరాల దారులు చూసిన కహాల్

పిల్లాడు బొమ్మలు గీస్తానంటాడు, నాన్న డాక్టరువి కమ్మంటాడు. మన ఇళ్ళలో ఇది పాత గొడవే. 1860లలో స్పెయిన్‌లోని ఓ చిన్న ఊళ్ళో కూడా ఇదే జరిగింది. తండ్రే గెలిచాడు. అయినా కొడుకు పెన్సిల్ వదల్లేదు. మన నరాల వ్యవస్థ ఎలా అమరి ఉందో లోకానికి చూపించింది ఆ పెన్సిలే అంటాను నేను. ఆ కొడుకు పేరు సాంటియాగో రమోన్ ఇ కహాల్.

1852లో పుట్టిన కహాల్ చిన్నప్పుడు అల్లరికి పెట్టింది పేరు. పదకొండేళ్ళప్పుడు సొంతంగా చేసిన ఫిరంగితో పొరుగువారి గేటు పేల్చేసి కొద్ది రోజులు జైల్లో కూర్చున్నాడు. వైద్యుడైన తండ్రి విసిగిపోయి కొన్నాళ్ళు క్షౌరశాలలో, కొన్నాళ్ళు చెప్పులు కుట్టేచోట పనికి పెట్టాడు. 1868 వేసవిలో మాత్రం వేరే దారి పట్టాడు. కొడుకుని స్మశానానికి తీసుకెళ్ళి, బయటపడి ఉన్న ఎముకలు ఏరుకొచ్చి, వాటితో పాఠాలు మొదలుపెట్టాడు. కుర్రవాడు ఎముకల బొమ్మలు గీస్తూ గీస్తూ వైద్యంలోకి వచ్చేశాడు.

1873లో పట్టా పుచ్చుకుని, సైన్యంలో డాక్టరుగా క్యూబా వెళ్ళి, మలేరియాతో చిక్కి శల్యమై తిరిగొచ్చాడు. మిగిల్చుకున్న జీతం డబ్బులతో మైక్రోస్కోపు కొన్నాడు.

ఇంతకీ అప్పటి చిక్కేమిటంటే, మెదడు, వెన్నుపాము, వాటినుంచి ఒళ్ళంతా పాకిన నరాలు అందరికీ తెలుసు. లోపల తీగలు ఎలా కలిసున్నాయో తెలియదు. ఎక్కడా తెగని ఒకే వల అని చాలామంది పండితుల నమ్మకం. ఇటలీ శాస్త్రవేత్త గోల్జీదీ అదే మాట. ఆయనే 1873లో ఓ చక్కని రంగుపద్ధతి కనిపెట్టాడు. పొటాషియం డైక్రోమేట్‌లో నానిన మెదడు ముక్కని సిల్వర్ నైట్రేట్‌లో ముంచితే, వందలో ఏ కొద్ది కణాలో నల్లబడతాయి. కానీ నల్లబడిన కణం కొసలతో సహా కనిపిస్తుంది. అన్నీ నల్లబడితే మిగిలేది మసిగుడ్డే!

1887లో మాడ్రిడ్‌లో ఓ మిత్రుడి దగ్గర ఆ స్లైడు చూసి కహాల్‌కి నిద్ర పట్టలేదేమో అనిపిస్తుంది నాకు. బార్సిలోనా చేరగానే పద్ధతికి మెరుగులు దిద్దాడు. రంగు రెండుసార్లు పట్టించాడు. నరాలకి కొవ్వు తొడుగు ఏర్పడని పిండాలనీ, పసి జంతువులనీ ఎంచుకున్నాడు. 1888లో పక్షుల చిన్నమెదడులో అసలు సంగతి బయటపడింది. ఒక కణం తీగ కొసలు మరో కణాన్ని బుట్టలా చుట్టేస్తాయి, కానీ అందులో కలిసిపోవు. దేని ఒళ్ళు దానిదే.

అచ్చువేసేవారికోసం ఆగకుండా సొంత డబ్బుతో పత్రిక పెట్టాడు. రాసింది స్పానిష్‌లో, చదివేవాళ్ళేరీ? 1889లో స్లైడులు మోసుకుని బెర్లిన్ సభకి వెళ్ళి, వచ్చీరాని ఫ్రెంచిలో చెబుతూ పెద్దలని ఒక్కొక్కరినే మైక్రోస్కోపు దగ్గరికి పిలిచాడు. డెబ్భై దాటిన కోలికర్ చూసి ఒప్పుకున్నాడు. కహాల్ వ్యాసాలకోసం ఆ వయసులో స్పానిష్ నేర్చుకున్నాడు కూడా. ఆ తర్వాత 1891లో వాల్డేయర్ ఈ కణానికి న్యూరాన్ అని పేరు పెట్టాడు.

కహాల్ బొమ్మల్లో చిన్న చిన్న బాణం గుర్తులుంటాయి. కబురు కణం కొమ్మల్లోంచి లోపలికొచ్చి, పొడుగాటి తీగ గుండా బయటికి పోతుందని వాటి అర్థం. వేడి పెనం తగిలితే చర్మంనుంచి కబురు వెన్నుపాముకి చేరి, అక్కడినుంచే కండరానికి ఆజ్ఞ వెళుతుంది. మంట మెదడుకి తెలిసేలోపే చెయ్యి వెనక్కొచ్చేస్తుంది. రౌటర్లతో కుస్తీ పట్టే మనవాళ్ళకి ఇది కొత్తగా ఉండదు.

1906లో గోల్జీకీ కహాల్‌కీ కలిపి నోబెల్ ఇచ్చారు. గోల్జీ ఆ వేదికమీదే న్యూరాన్ సిద్ధాంతాన్ని ఖండించాడు! తండ్రి అప్పటికే పోయాడు. 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కణాల మధ్య సందుని చూపించింది, మిల్లీమీటరులో సుమారు యాభైవేలవ వంతు. అయితే కొన్నిచోట్ల పక్కపక్క కణాలని కలిపే సన్నని గొట్టాలూ ఉన్నాయని తేలింది, కాబట్టి గోల్జీని మరీ తీసిపారెయ్యక్కర్లేదు.

తెగిన నరం చేతిలో అయితే మెల్లగా పెరుగుతుంది, వెన్నుపాములో మొలకెత్తి ఆగిపోతుంది. ఎందుకన్నది కహాల్ చివరివరకూ వదలని ప్రశ్న. 1934లో మాడ్రిడ్‌లో కన్నుమూశాడు. వెన్ను విరిగి మంచానపడ్డవాళ్ళ ఇళ్ళలో ఆ ప్రశ్న ఇంకా అలాగే ఉంది.